తబితమ్మ ఎదురుచూసిన కూడిక

అనగనగా, ఉప్పుగాలి తప్ప వేరే గాలి ఎరగని ఒక సముద్రపు పల్లె. ఆ పల్లెలో దీనమ్మ అనే ఇల్లాలు. ఆమె పెనిమిటి నతానియేలు సముద్రం మీద వేటకు వెళ్ళి చేపలు తెచ్చేవాడు.

ఒకసారి తుఫాను లేచింది. పడవలన్నీ తిరిగొచ్చాయి, నతానియేలు పడవ రాలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. ఊరు ఆశ వదులుకుంది. పక్కింటి ముసలామె తబితమ్మ మాత్రం వదల్లేదు. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. రోజూ తెల్లవారగానే వచ్చి దీనమ్మ పక్కన మోకరించేది.

"ప్రభువా, ఈ పిల్ల పెనిమిటిని ఒడ్డుకు చేర్చు. వీళ్ళు ప్రార్థన కూడిక పెట్టి నీకు స్తోత్రం చెప్పేదాకా నేను చేప ముట్టను" అని మొక్కుకుంది.

చేపల పల్లెలో చేప మానడమంటే మాటలు కాదు. అది చూసి దీనమ్మ కూడా, "ఆయన బతికొస్తే ఊరందరినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టి భోజనం పెడతాను" అని మాటిచ్చింది.

పదో రోజున నతానియేలు చిరిగిన తెరచాపతో ఒడ్డు చేరాడు.

"రేపే కూడిక పెడదాం" అన్నాడు.

దీనమ్మ ఇంటిని కలయజూసింది. గాలికి కప్పు లేచిపోయింది. "ఈ కొంపకు నలుగురిని ఎలా పిలుస్తాం? తాటాకు కప్పించాక చూద్దాం" అంది.

కప్పు వేశారు. తబితమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"కూడిక ఎప్పుడే దీనా? పచ్చడి మెతుకులు తినీ తినీ నా నాలుక నన్నే తిడుతోంది" అని నవ్వింది.

"ఉత్త అన్నం పెడితే ఏం బాగుంటుంది పెద్దమ్మా? మేకపిల్లను తెచ్చాం. అది ఎదగనీ."

"అది ఎదిగేలోపు నేను ఒరిగిపోతానే."

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు. పోనీ, మొక్కు పక్కనపెట్టి ఒక ముక్క తినరాదూ?"

"మాటిచ్చింది నీకు కాదు కదే."

మేక ఎదిగింది. అప్పటికి తబితమ్మ చేతికి కర్ర వచ్చింది. ఈసారి ఆమె నవ్వలేదు.

"గంజి కాచినా చాలు తల్లీ. అందరం కలిసి ఏడ్చాం. కలిసి ఒక్కసారి సంతోషించాలని ఉంది."

"ఇన్నాళ్ళు ఆగి చిన్నగా పెడితే నలుగురూ ఏమనుకుంటారు పెద్దమ్మా? ప్రార్థన చేయడానికి పట్నం నుంచి పెద్ద పాస్టరు అయ్యగారిని పిలిచాం. వచ్చే నెల వస్తారట."

ఆ నెల రాకముందే, ఒక ఉదయం తబితమ్మ తలుపు తీయలేదు. తోసుకుని వెళ్ళి చూస్తే చాప మీద నిద్రపోయినట్టే ఉంది. పొయ్యి పక్కన గిన్నెలో చద్దన్నం, ఉప్పు మిరపకాయ. పోయే వయసే అనుకుంది ఊరు. దీనమ్మ ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కూడిక జరిగింది. పెద్ద అయ్యగారు వచ్చారు. మేకను కోశారు. "ఇంత ఘనంగా ఎవరూ పెట్టలేదు" అని ఊరు మెచ్చుకుంది. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి దీనమ్మ లేచింది.

"దేవుడు నా మొర పది రోజుల్లో విన్నాడు. ఆయనకు స్తోత్రం చెప్పడానికి నేను పది నెలలు తీసుకున్నాను. నా కోసం నోరు కట్టుకున్నామెకు నా సంతోషంలో వంతు ఇవ్వలేదు. ఈ విందు దేవుడి కోసం కాదు, నా పేరు కోసం" అంది.

నతానియేలు తల దించుకున్నాడు.

ఆ తరువాత ఏ చిన్న మేలు జరిగినా, పొయ్యి మీది కుండ దించకముందే దీనమ్మ ఇరుగుపొరుగుకు చెప్పేది, ఉన్నదాంట్లో పెట్టేది. ఆ పల్లెలో చాలామంది ఆమె వల్ల సంతోషించారు. సంతోషించవలసిన ఒక్కరు మాత్రం లేరు.

దేవుడిచ్చిన సంతోషాన్ని ఉన్నదానితో ఆ రోజే పంచుకోవాలి; మనతో కలిసి ఏడ్చినవారు మన ఆర్భాటం పూర్తయ్యేదాకా ఉంటారో లేదో ఎవరికీ తెలియదు.