ఇనుముకి మాట పోయి తుప్పు వచ్చిన కథ

ఒకప్పుడు ఇనుముకి నోరుండేది. తుప్పంటే ఏమిటో దానికి తెలియదు. కీచుమనడం అసలే రాదు. ఏం కావాలన్నా శుభ్రంగా మాటల్లోనే అడిగేది.

"నన్ను కాస్త నూరు, ఈ చేప తెగడం లేదు" అని కత్తి అనేది. "నీ కాలి కిందే ఉన్నాను, చూసి నడువు" అని మేకు అనేది. లంగరైతే నీళ్ళలోకి దిగేముందు "అబ్బ, ఎంత చలో" అని రోజూ సణిగేది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇనుము నోరు తెరిచి అడిగేది. వినడం ఒక్కటే మనుషుల వంతు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సముద్రం ఒడ్డున బొంతలరేవు అని ఒక పల్లె ఉండేది. ఏటా గాలివాన వచ్చి ఇళ్ళ కప్పులు లేపుకుపోయేది. దొరికితే మనుషుల్నీ పట్టుకుపోయేది. విసిగిపోయిన పల్లెవాళ్ళు అందరూ కలిసి ఒక రాతి ఇల్లు కట్టుకున్నారు. దానికి కిటికీలు లేవు, ఒక్కటే తలుపు. పక్కకి తెరిచే తలుపైతే గాలి ఊడబెరుకుతుందని కమ్మరి పైకి లేచే ఇనుప తలుపు చేశాడు.

ఆ తలుపు గున్న ఏనుగంత బరువు. దాన్ని ఎత్తడానికి లావుపాటి ఇనుప కడ్డీని మెలికలు మెలికలుగా చుట్టి గుమ్మం పైన బిగించాడు. ఇప్పుడు మన షట్టర్లకి ఉంటుందే స్ప్రింగు, అదే. పల్లెవాళ్ళు దాన్ని చుట్టమ్మ అని పిలిచేవాళ్ళు. బరువంతా చుట్టమ్మే మోసేది. మనిషి చెయ్యి ఊరికే దారి చూపడానికే.

ఆ తలుపు చూసుకునే పని ఎర్రయ్యమ్మకి అప్పజెప్పారు. ఆవిడ మొగుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది కూతురు దానాలు ఒక్కతే. లోకంలో ఎర్రయ్యమ్మకి ఉన్నదంతా ఆ పిల్లే. గాలి లేచినప్పుడల్లా ముందు కూతురి చెయ్యి పట్టుకుని, తర్వాత తలుపు పట్టుకునేది.

మొదటి ఏడు గాలివాన వచ్చింది. పల్లె అంతా లోపలికి దూరింది. ఎర్రయ్యమ్మ తలుపు దించింది. గాలి బయట పొర్లి పొర్లి ఏడ్చి, ఒక్క మనిషి కూడా దొరక్క, వట్టి చేతులతో వెళ్ళిపోయింది.

అది ఉప్పుగాలికి తలకొట్టేసినట్టయింది. ఎండనీ, వాననీ, చలినీ ఇసుక దిబ్బ మీదికి పిలిచింది.

"ఆ తలుపుని ఎంత గుద్దినా కదలడం లేదు" అంది.

"తలుపుని ఎందుకు గుద్దుతావు?" అంది చలి. అన్నిట్లోకీ చలిది నెమ్మదైన బుర్ర. "దాన్ని మోసేదాన్ని పట్టు. తొందరపడకు. తలా కొంచెం తిందాం."

అలా నలుగురూ చుట్టమ్మ మీద పడ్డారు.

ముందు ఎండ వచ్చింది. ఇసుక పేలాలు వేగేలా కాసింది. చుట్టమ్మ ఒళ్ళు సాగింది. కమ్మరి రాసి వెళ్ళిన నూనె ఎండి పెచ్చులు కట్టింది.

"అమ్మా, మెలికకీ మెలికకీ రాపిడి పుడుతోంది. గుడ్డముక్క నూనెలో ముంచి నా ఒంటికి రాయి" అంది.

ఎర్రయ్యమ్మ పల్లె పెద్ద పోలయ్య దగ్గరికి వెళ్ళింది. పల్లె సొత్తయిన సొరచేప నూనె కుండ ఒకటి అతని ఇంట్లో ఉండేది. ఆ నూనె పడవలకే రాయాలి. ఇంకెవరైనా ఆ కుండలో చెయ్యి పెడితే గంగమ్మ అలుగుతుందనీ, అలిగితే పడవని తిరిగి రానివ్వదనీ వాళ్ళ నమ్మకం.

"మరిదీ, సుట్టమ్మ నూనె అడుగుతంది" అంది ఎర్రయ్యమ్మ.

"ఇనుముకి నూనేటి వొదినా? కర్రకైతే నూనె, ఇనుముకెందుకు?" అన్నాడు పోలయ్య. "గంగమ్మకి కోపమొస్తే ఏటవుద్దో నీకు నాను సెప్పాలేటి?"

మొగుణ్ణి సముద్రానికి ఇచ్చుకున్న మనిషికి ఆ మాట చాలు.  ఎర్రయ్యమ్మ వెనక్కి వచ్చేసింది.

దానాలు తల్లి మొహం చూసి, "పోనీ అమ్మా, నా తలకి రాసుకునే ఆవుదం ఉంది కదా, అది రాయనా?" అంది.

"పెళ్ళి కావలసిన గుంటవి, తల ఎండగట్టుకుంటావేటి? దాని మానాన దాన్ని ఒగ్గేయ్."



తర్వాత వాన వచ్చింది. జల్లు కొట్టి కొట్టి మెలికల సందుల్లో నీళ్ళు నింపింది. "అమ్మా, నీళ్ళు ఇంకిపోవడం లేదు. పొడిగుడ్డతో తుడువు" అంది చుట్టమ్మ. ఎర్రయ్యమ్మ ఎండు చేపలు తడిసిపోతున్నాయని పరుగులు పెడుతోంది. "రేపు తుడుస్తానే" అంది. మర్నాడు కూడా రేపే అయింది.

వానలు వెనకబట్టాక గంగమ్మ పండగ వచ్చింది. ఆ పండగకి బొంతలరేవులో ఊరి సొత్తుకి అంతటికీ సముద్రపు నీళ్ళతో తానం చేయిస్తారు. పడవలకి చేయించారు, తెడ్లకి చేయించారు. ఆ ఏడు తమని కాపాడిందని రాతింటి తలుపుకీ చేయించారు. పసుపు కలిపిన ఉప్పునీళ్ళు కుండలతో తెచ్చి చుట్టమ్మ నెత్తి మీద గుమ్మరించారు.

"నాకు ఉప్పు పడదు, ఆపండి, పుణ్యముంటుంది" అని చుట్టమ్మ మొత్తుకుంది. డప్పులు మోగుతున్నాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. దణ్ణం పెడుతున్నామనుకుంటూ దానికి విషం పోశారు పాపం. ఉప్పుగాలి దిబ్బ మీద కూర్చుని కడుపుబ్బ నవ్వింది. తన పని వాళ్ళే చేసిపెట్టారు మరి.

ఇక చలి వచ్చింది. చలికి ఇనుము బిగుసుకుపోతుంది, పెళుసెక్కుతుంది. తెల్లవారుజామున తలుపు ఎత్తితే చుట్టమ్మ ప్రాణం లాగేసినట్టుండేది.

"అమ్మా, నా మాట అబద్ధమైతే నువ్వే చూడు. తలుపు సగం దాకా ఎత్తి చెయ్యి వదిలెయ్. అక్కడే నిలబడితే నేను బాగున్నట్టు. జారితే నా సత్తువ అయిపోయినట్టు" అంది.

ఎర్రయ్యమ్మ సగం ఎత్తి వదిలింది. తలుపు కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా జారి నేలని తాకింది. ఆవిడ కళ్ళారా చూసింది. మళ్ళీ పోలయ్య దగ్గరికి వెళ్ళింది.

"దిగడమే కదా వొదినా మనకి కావలసింది" అన్నాడు పోలయ్య. "ఎత్తడం బరువైతే ఇద్దరం ఎత్తుదాం. సేపల ఏట ముగిసినాక కమ్మరికి కబురెడదాం."

ఎర్రయ్యమ్మ తిరిగొచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో చుట్టమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. నడుం నొప్పంది, నూనె అంది, కమ్మరంది. పొద్దస్తమానం చేపలు కోసి కోసి చేతులు పుళ్ళు పడిన మనిషి. అటు చెప్తే వినేవాళ్ళు లేరు, ఇటు ఇది ఊరుకోదు. ఎర్రయ్యమ్మకి ఒళ్ళు మండింది.

"నోర్ముయ్యవే" అంది. "ఎండాకాలం నుండీ ఒకటే నస. ఇంకొక్క మాట నా సెవిన పడ్డాదంటే నిన్ను పీకి గోతిలో పారేస్తాను."

చుట్టమ్మ నోరు మూసుకుంది.

ఆ రోజు మూసుకున్న నోరు నెలల తరబడి తెరవలేదు. పొద్దున తలుపు లేచేది, సాయంత్రం దిగేది. ఒక్క మాట లేదు. పల్లెకి హాయిగా ఉంది.

"అమ్మా, సుట్టమ్మ మాటాడతం నేదేటి?" అని దానాలు అడిగింది.

"నొప్పి తగ్గిపోనాదేమో" అంది ఎర్రయ్యమ్మ. అని, తనూ అదే నమ్మింది. మనిషికి ఏది సుఖంగా ఉంటే అదే నిజమనిపిస్తుంది.

ఎండలు మళ్ళీ ముదిరాయి. ఒక మధ్యాహ్నం సముద్రం నల్లగా అయిపోయింది. కాకులు ఊరొదిలి సముద్రానికి దూరంగా ఎగిరిపోయాయి. గాలి లేచింది.

పల్లె అంతా రాతింట్లోకి పరిగెత్తింది. మనుషులు, మేకలు, కోళ్ళు, మూటలు. ఉప్పునీళ్ళు అప్పుడే గడప దాకా వస్తున్నాయి. పోలయ్య తన తల్లిని తమ్ముడు తెస్తున్నాడనుకున్నాడు. తమ్ముడు అన్న తెస్తున్నాడనుకున్నాడు. మంచం దిగలేని ముసలమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. అది గమనించింది దానాలు ఒక్కతే.

"నాను ఎల్లి మామ్మని ఈపున ఏసుకొస్తాను" అంది.

"వొద్దే" అని ఎర్రయ్యమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళొచ్చేస్తన్నాయి, తలుపు దించీయమ్మా. నానొచ్చి కొడతాను, అప్పుడెత్తు. ఎంతసేపు?" అంది దానాలు. చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది.

ఎర్రయ్యమ్మ తలుపు దించింది. దించి, చెవి తలుపుకి ఆనించి నిలబడింది.

కాసేపటికి తలుపు మీద చప్పుడైంది.

"అమ్మా, ఎత్తు. మామ్మని తెచ్చాను."

ఎర్రయ్యమ్మ వంగి ఒక పక్క పట్టుకుంది. పోలయ్య ఇంకో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కసారిగా లాగారు. తలుపు జానెడు లేచింది. అప్పుడు నెత్తి మీద పిడుగు పడ్డట్టు ఒక మోత మోగింది. చుట్టమ్మ రెండుగా విరిగిపోయింది. ఏనుగంత బరువూ ఒక్కసారి కిందికి దిగి, గాడిలో వంకరగా ఇరుక్కుంది.

లోపల ఇంతమంది మగవాళ్ళున్నారు. గోళ్ళు ఊడేలా పట్టి లాగారు. భుజాలతో పొడిచారు. చుట్టమ్మ లేనిదే అది వెంట్రుకవాసి కదల్లేదు. గోడ పెకలిద్దామంటే గడ్డపార కూడా లోపల లేదు. తలుపు మీద చప్పుడు వస్తూనే ఉంది. "అమ్మా, ఎత్తవే" అంటోంది దానాలు. పోలయ్య తల్లి గొంతు కూడా ఒకసారి వినిపించింది, "పోలిగా" అని.

తర్వాత గాలి గొంతే మిగిలింది. తలుపు మీద చప్పుడు ఆగిపోయింది.

తెల్లారాక పక్క పల్లెవాళ్ళు గడ్డపారలతో వచ్చి, గోడ రాళ్ళు తీసి వీళ్ళని బయటికి లాగారు. గుమ్మం ముందు ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ ఇసుకని కూడా సముద్రం నున్నగా తుడిచి పెట్టింది.

ఎర్రయ్యమ్మ ఏడవలేదు. నేరుగా వెళ్ళి పోలయ్య ఇంటి శిథిలాల్లో సొరచేప నూనె కుండ వెతికి తెచ్చింది. పోలయ్య చూశాడు గానీ ఈసారి అడ్డం చెప్పలేదు. ఆవిడ విరిగిన ముక్కలు ఒళ్ళో పెట్టుకుని కుండెడు నూనె వాటి మీద పోసి రాస్తూ కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మెలికల మధ్య లోలోపల ఉప్పు ఎంత తినేసిందో అప్పుడు కనపడింది.

"ఎందుకు సెప్పలేదే?" అంది.

చుట్టమ్మలో ఇంకా కొనప్రాణం ఉంది. చాలా నెలలకి నోరు తెరిచింది.

"చెప్పాను. చెప్పొద్దన్నావు" అంది.



చుట్టమ్మ ఆఖరి ఊపిరి పోగు చేసుకుని, లోకంలో ఉన్న ఇనుమంతటికీ వినపడేలా పలికింది. "తోబుట్టువులారా, ఇక మాటలొద్దు. మనిషి వినడు. ఒంటి మీద పుండులాగా ఎర్రగా చూపిద్దాం, కళ్ళున్నవాడు చూస్తాడు. అదీ చూడకపోతే కీచుమని ఏడుద్దాం. ఆ ఏడుపు విసుగనిపించి అయినా కాస్త నూనె పెడతాడేమో."

ఆ మాటతో కత్తి మూగబోయింది. మేకు మూగబోయింది. లంగరు ఒక్క సణుగుడు లేకుండా నీళ్ళలోకి దిగిపోయింది.

కమ్మరి వచ్చి కొత్త స్ప్రింగు బిగించాడు. అది మాట్లాడలేదు. ఎర్రయ్యమ్మ బతికినన్నాళ్ళూ దాన్ని చంటిపిల్లలా చూసుకుంది. ఎండలు మొదలవకముందు పాత జిడ్డు తుడిచి కొత్త నూనె రాసేది. వాన వెలిస్తే పొడిగుడ్డతో మెలిక మెలికా ఒత్తేది. ఉప్పుగాలి కొట్టిన రోజున మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ నూనె పెట్టేది. చలి రోజుల్లో తలుపు సగం ఎత్తి, చెయ్యి వదిలి, ఊపిరి బిగబట్టి చూసేది. అది నిలబడేది. "ఏటైనా కావాలా తల్లీ?" అని రోజూ అడిగేది. ఒక్కనాడూ అది పలకలేదు. ఆవిడ మాత్రం అడగడం మానలేదు.

అప్పటినుంచే ఇనుముకి మాట లేదు. అప్పటినుంచే దానికి తడి తగిలితే తుప్పు పడుతుంది, ఉప్పు తగిలితే మరీ తొందరగా పడుతుంది, చలికి బిగుసుకుంటుంది, నూనె లేకపోతే కీచుమంటుంది. ముందు ఎర్రబడి చూపిస్తుంది. తర్వాత ఏడ్చి చూపిస్తుంది. మూడోసారి అడగదు.