రాజుగారికి నైవేద్యం

ఉత్తరం ముక్క రాయడమే గానీ కథ రాయడం నేనెరగను. ఇదే మొదటిది. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఏ రాజ్యమో, ఏ కాలమో నాకు తెలీదు గానీ, ఒక కోట ఉండేది. ఆ కోటలో ఉత్తుంగవర్మ అని ఒక రాజు. తండ్రి పోయి, గద్దెనెక్కి ఏడాదైంది. ఆయనకి పట్టుకున్న జబ్బు ఒక్కటే, మర్యాద. తండ్రికి పెట్టినట్టు తనకి జనం మనసారా దణ్ణాలు పెట్టడం లేదని అనుమానం. అందుకని పూటకో శాసనం.

రాజుగారు గది దాటితే గంట కొడతారు. ఆ గంట వినపడ్డవాళ్ళంతా చేతిలో పని వదిలేసి లేచి, చేతులు కట్టుకు నిలబడాలి. మళ్ళీ గంట కొట్టేదాకా కదలకూడదు. ఆయనకేమో ఒకచోట కుదురుండదు. రోజుకి నలభైసార్లు మోగేది.

ఆ గంటతో అందరికన్నా విసిగిపోయిన మనిషి వంటశాలలో పేరిందేవి.

"పప్పు మాడిందని తిట్టేదీ ఆయనే, మాడుతుంటే కలపనివ్వనిదీ ఆయనే! పైగా ఆయనకి వీపు చూపించకూడదట. పులుసు గిన్నె పట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలట. నిన్న మంత్రిగారి తలపాగా మీద పడింది. ఇవాళ ఎవరి నెత్తిన రాసిపెట్టి ఉందో!"

"ఊరుకోవే, చిన్నపిల్లాడు" అంది వరదమ్మ. ఆవిడ పేరిందేవిని పెంచిన దొడ్డమ్మ, వంటశాలకి పెద్ద. డెబ్బై దాటాయి.

"ఎవరు, ఆయనా? ఆ మీసాల మీద పావురాలు కాపరం పెట్టుకోవచ్చు, చిన్నపిల్లాడట!"

అంతలోకే గంట. ఆ పూట రాజుగారు వంటశాల వైపే వచ్చారు. అందరూ లేచారు. కత్తిపీట ముందు గుమ్మడికాయ తరుగుతున్న వరదమ్మ నేలకి చెయ్యి ఆనించి రెండుసార్లు ప్రయత్నించింది. లేవలేకపోయింది.

"ఏం ముసలీ, గంట వినపడలేదా?" అన్నారు రాజుగారు.

"నాకు వినపడింది నాయనా. ఈ మోకాళ్ళకే వినపడలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారి ముఖం కందగడ్డ అయింది.

"నాయనా ఏమిటి, నాయనా? రేపు పొద్దుగుంకే లోపల నువ్వు కోట దాటి పోవాలి!"

గిర్రున తిరిగి వెళ్ళిపోయారు. వరదమ్మ కాసేపు గుమ్మడికాయ వంక చూసి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. పదేళ్ళ పిల్లగా వచ్చింది ఆ కోటలోకి. బయట ఆవిడకి ఒక్క గుమ్మం లేదు.

పేరిందేవి తనలో తను గొణుక్కోవడమే గానీ పెద్దవాళ్ళ ముందు నోరు విప్పే మనిషి కాదు. కానీ ఆ గుమ్మడికాయ ముక్కలు చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది. చెంగు బిగించుకుని తిన్నగా సభకే వెళ్ళింది.

"ప్రభూ, మాకు చదువు తక్కువ. తమకి ఎంత మర్యాద చెయ్యాలో తెలీక తప్పులు చేస్తున్నాం. రోజుకో ముక్క చెబితే గుర్తుండి చావదు. కొలత ఒక్కటి చెప్పండి."

రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. మీసం దువ్వుకున్నారు.

"గుళ్ళో దేవుడికి ఎంత చేస్తారో నాకూ అంతే. వెంట్రుకవాసి తగ్గకూడదు!"

"తప్పినవాళ్ళకి?"

"కోట దాటి పోవడమే."

"ఎవరైనానా ప్రభూ?"

"ఎవరైనా!"

"అయితే అది రాయించి ముద్ర వేయించండి. మళ్ళీ నేను మర్చిపోతాను."

మంత్రి సోమప్ప రాశాడు. రాజుగారు ముద్ర వేశారు.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు పీట మీద కూర్చున్నారు. పేరిందేవి తడిచీరతో, ముక్కుకి గుడ్డ కట్టుకుని బంగారు పళ్ళెం తెచ్చింది. బొబ్బట్లు, పులిహోర, గారెలు, గుమ్మడికాయ పులుసు. ఘుమఘుమలకి రాజుగారికి నోరూరింది. ఆవిడ పళ్ళెం చుట్టూ నీళ్ళు చిలకరించింది, గంట వాయించింది, తెర వేసింది. రెండు నిమిషాలాగి తెర తీసింది. హారతి ఇచ్చింది. పళ్ళెం ఎత్తుకుని బయలుదేరింది.

"ఏయ్! ఎక్కడికి? నేనింకా తినలేదు!"

"దేవుడూ తినడు ప్రభూ. చూస్తాడు. చూసిందే ప్రసాదం, అందరికీ పెట్టేస్తాం."

గుమ్మం దగ్గర భటుడికి గారె పెట్టింది. ఏనుగుల వాళ్ళకి పులిహోర పెట్టింది. మంత్రి సోమప్ప రెండు బొబ్బట్లు కళ్ళకద్దుకుని మరీ తిన్నాడు.

పళ్ళెం తిరిగి తన ముందుకి రాగానే రాజుగారు అందులోకి చెయ్యి చాపారు.

"అయ్యయ్యో, ఆగండి! దేవుడు చెయ్యి చాపుతాడా? శాసనం తప్పితే కోట దాటి పోవాలి. ఎవరైనా అని తమరే అన్నారు."

రాజుగారు మంత్రి వంక చూశారు. మంత్రి నోటినిండా బొబ్బట్టు. తల మాత్రం ఊపాడు, అవునని.

"మంచినీళ్ళు..."

"దేవుడు మాట్లాడడు కూడా ప్రభూ."

అలా రెండు ఘడియలు. కడుపులో పేగులు అరుస్తుంటే, ఆకలి తెలియకుండా రాజుగారు కిటికీలోంచి చూశారు. పెరట్లో బిందెలు వరసగా నింపుతున్నారు.

"అవెందుకు?" అన్నారు, ఉండబట్టలేక.

"అభిషేకానికి. నూటెనిమిది బిందెలు. బావి నీళ్ళు, చల్లగా ఉన్నాయి. తర్వాత పాలు, పెరుగు, తేనె. చీమలు పడతాయేమో, కదలకుండా కూర్చోండి."

"చాలు తల్లీ, చాలు!" రాజుగారు శాసనం చింపేశారు. "ఇంత చేస్తారే దేవుడికి! చెయ్యమని ఆయన ఏనాడన్నా అడిగాడా?"

"అదే నేనూ అడగబోతున్నాను" అంది పేరిందేవి. ఇంక ఆగలేదు. "మీ గంటకి లేచి లేచి మా నడుములు పడిపోయాయి గానీ, ఒక్కరికన్నా మీ మీద గౌరవం పుట్టిందా ప్రభూ? మా దొడ్డమ్మ ఏ గంటా కొట్టించలేదు. అయినా ఆవిడ లేనప్పుడు కూడా ఆవిడ పీట మీద మేమెవరం కూచోం. ఎందుకంటారా? అంట్లు తోమే ఆఖరి మనిషి తినేదాకా ఆవిడ విస్తరి వేసుకోదు. మాలో ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు ఆవిడకే తెలుస్తుంది. మీ నాన్నగారు పోయే ముందు రోజు కూడా 'వంటవాళ్ళు తిన్నారా' అని అడిగారు. మీరు మా పేర్లు అడిగారా, ఏడాదిలో?"

మంత్రి నమలడం మానేశాడు.

రాజుగారు తల వంచుకున్నారు. తర్వాత భుజాలు కదిలాయి. కోపం కాదు, నవ్వు. కడుపు పట్టుకుని నవ్వారు, ఖాళీ కడుపు కాబట్టి తేలిగ్గా పట్టు దొరికింది.

"నీ పేరేమిటమ్మా?"

"పేరిందేవి."

మెళ్ళో ముత్యాల హారం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. గంట కొట్టించకుండా వంటశాలకి తనే నడిచి వెళ్ళారు. వరదమ్మ మూట కట్టుకుని, పక్కనే ఒక గిన్నె మీద మూత పెట్టి కూర్చుంది.

"రా నాయనా. పొద్దుటినుంచీ తినలేదటగా, నీకని తీసి ఉంచాను."

రాజుగారు నేలమీదే చతికిలపడ్డారు. ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపారు.

"నువ్వు తిన్నావా అవ్వా?"

"ఇంకా లేదు."

ముద్ద కింద పెట్టి, "అయితే ముందు నీకు వడ్డించమను. ఆ మూట ఎవరన్నా విప్పండర్రా" అన్నారు.

భోజనం మధ్యలో చెప్పారు, చిన్నప్పుడు తనకి దిబ్బరొట్టె అడుగున ఎర్రగా కాలిన చెక్క ఇష్టమని, పెద్దయ్యాక అడగడానికి నామోషీ వేసిందని. పదేళ్ళుగా ఆయనకి వండుతున్న పేరిందేవికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, మినప్పిండి రుబ్బి ఇత్తడి గిన్నెలో రొట్టె వేసింది. అడుగు బాగా ఎర్రబడేదాకా పొయ్యి దగ్గరే కూర్చుని, ఆ చెక్క విరగకుండా ఊడదీసి రాజుగారికి పంపించింది.