దీవెనమ్మ కడవ

అనగనగా, మన తాతల తాతలు ఇంకా దోగాడే రోజుల్లో, కాలువ పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక చిన్న చర్చి. ఆ చర్చి ఊడ్చే ముసలమ్మ పేరు దీవెనమ్మ. ఆమెకున్న ఆస్తల్లా ఒక చీపురు, ఒక కడవ, సుగుణ అనే కోడలు.

ఒక ఏడు చర్చికి కొత్తగా గచ్చు చేయించారు. సంఘపెద్ద జకరయ్యకు ఆ గచ్చంటే ప్రాణం. కన్నబిడ్డల్నైనా అంత ముద్దు చేశాడో లేదో!

ఇంతలో నాట్లు వచ్చాయి. కాలువ నీళ్ళు ఆదివారమని ఆగవు కదా. ఆడవాళ్ళు తెల్లారకముందే చేలో దిగి, గంట వినపడగానే మోకాళ్ళదాకా బురదతో పరుగున వచ్చారు. జకరయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ కాళ్ళతో దేవుడి మందిరంలోకా? పొండి, పొండి!"

అందరూ వెనక్కి తిరిగారు. సుగుణ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేనింక ఈ గడప తొక్కనత్తా," అంది.

దీవెనమ్మ చీపురు తీసుకుని ఒక్కతే లోపలికి వచ్చింది. లోపల పాస్టరుగారు యేసయ్య శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చెబుతున్నారు. వినేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. మూలన చీపురు పట్టుకుని నిలబడ్డ దీవెనమ్మ మాత్రం ఉలిక్కిపడింది. అమ్మమ్మమ్మ! అంతటి ప్రభువే కాళ్ళు కడిగితే, మనం వాళ్ళని పొమ్మంటామా?

మరుసటి ఆదివారం కోడలిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, గడప పక్కన కడవతో కూర్చుంది.

"కాళ్ళిటివ్వు, లోపలికి రా."

"అయ్యో, పెద్దదానివి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటత్తా! నాకు పాపం చుట్టుకుంటుంది."

"యేసయ్యకి లేని నామోషీ నాకెందుకే?"

సుగుణ నవ్వేసి కాలు చాపింది. ఆ వెనకాలే మిగతావాళ్ళూ వచ్చారు. కాళ్ళిటివ్వు, లోపలికి రా. కాళ్ళిటివ్వు, లోపలికి రా. జకరయ్య మాత్రం గడప తడుస్తోందని సణిగాడు.

"తడిస్తే ఆరుతుందిలే బాబూ," అంది దీవెనమ్మ.

ఆపై ఆదివారం జోరున వాన. జకరయ్య తెల్లపంచె కట్టి, గట్టు మీద ఠీవిగా నడిచొస్తూ జర్రున జారి చేలో పడ్డాడు. లేచేసరికి కళ్ళు తప్ప ఒళ్ళంతా బురదే. గడపదాకా వచ్చాడు. గచ్చు చూశాడు. తన కాళ్ళు చూసుకున్నాడు. తలొంచుకుని వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి బాబూ? కాళ్ళిటివ్వండి, లోపలికి రండి."

జకరయ్య తన బురద పంచె కిందికీ మీదికీ చూసుకున్నాడు.

"కాళ్ళొక్కటే చాలవేమో దీవెనమ్మా!"

చాలవు మరి! దీవెనమ్మ కడవెత్తి నెత్తిన కుమ్మరించింది. లోపల అందరూ పాట ఆపేసి పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది జకరయ్యే.

దీవెనమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిన ఏడు, నాట్ల ఆదివారం, గడప పక్కన కడవతో ఎవరు కూర్చున్నారనుకున్నారు? జకరయ్య!

ఇప్పటికీ ఆ పల్లెలో నాట్ల తొలి ఆదివారం, సంఘంలో అందరికంటే పెద్దవాళ్ళే గడప దగ్గర కాళ్ళు కడుగుతారు. అలిగి వెళ్ళిన కోడలు తిరిగొచ్చినా, పోట్లాడిన తమ్ముడు గుమ్మంలో తటపటాయించినా, ఎందుకెళ్ళావని ఎవరూ అడగరు. చెంబుతో నీళ్ళు తెచ్చి, "కాళ్ళిటివ్వు, లోపలికి రా" అంటారు.

కథ గడప దాటింది. మీరూ కాళ్ళు కడుక్కుని అన్నానికి రండి.