ఏసుపాదం ఎంచిన రేడియేటర్

ఏసుపాదం మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. కళ్లు మూసినా తెరిచినా రేడియేటర్లే కనబడుతున్నాయి.

గుంటూరు ఆటోనగర్‌లో సుభానీ ఉస్తాద్ దగ్గర అతను పన్నెండేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. చప్పుడు వింటే చాలు, ఇంజిన్ జబ్బు చెప్పేస్తాడని అతనికి పేరు. ఆ పేరు ముందుగా ప్రచారం చేసింది కూడా అతనే.

ఆ వారం కంటి డాక్టర్ ప్రమీలారాణి గారి ఎర్ర రేసు కారు షెడ్డుకి వచ్చింది. రాయి తగిలి, ఇంజిన్ నీళ్లను గాలికి చల్లార్చే రేడియేటర్ చీలిపోయింది. అతుకు వేసే వీల్లేదు, కొత్తది మార్చాలి. ఆదివారం ఆవిడ ఆ కారుతో కోయంబత్తూరులో పందెంలో దిగాలి. అక్కడ మళ్లీ వేడెక్కిందంటే ఇంజిన్ హెడ్డు వంకరపోతుంది, ఇక ఆ కారు తుడుచుకుని చూసుకోవడానికే. ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త రేడియేటర్ నువ్వే ఎంచమని ఏసుపాదానికి చెప్పి నమాజుకి వెళ్లిపోయాడు.

ఏసుపాదం చెన్నైకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చివరికి ఒక దుకాణం వాళ్లు రెండు పంపి, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నారు. ఒకటి పాతదానిలాగే రెండు వేళ్ల మందం. ఇంకొకటి నాలుగు వేళ్లు. దాని రేకులు ఎంత దగ్గరగా ఉన్నాయంటే అవతలి వెలుతురు కూడా కనబడదు. దాన్ని చూడగానే ఏసుపాదానికి ప్రాణం లేచివచ్చింది. సన్నదాన్ని మూలకు నెట్టి దాని మీద తన చొక్కా ఆరేశాడు.

పక్క షెడ్ల వాళ్లను పిలిచి మరీ లావుదాన్ని చూపించాడు. ఇందులో నీళ్లు రెండింతలు పడతాయని, నీళ్లు రెండింతలైతే చల్లదనమూ రెండింతలేనని వివరించాడు. ఈ కారు చేసినవాళ్లు చలిదేశం వాళ్లని, పాపం వాళ్లకు మన మే నెల సంగతి తెలియదని జాలిపడ్డాడు కూడా.

బిగించే ముందు ఉస్తాద్ దగ్గరకు మోసుకెళ్లాడు. ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి, బాగా బరువుగా ఉందన్నాడు. ఏసుపాదం పొంగిపోయాడు. ముందు భోంచేద్దాం రమ్మన్నాడు ఉస్తాద్.

మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు. క్యారేజీలో గోంగూర, కారం దట్టించిన కోడికూర. ఇద్దరూ టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక ఉస్తాద్ లేచి లావు రేడియేటర్‌ను తెచ్చాడు. ఫ్యాన్‌కీ ఏసుపాదానికీ మధ్య స్టూలు మీద నిలబెట్టి, తను కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.

ఏసుపాదం కాసేపు ఓర్చుకున్నాడు. నుదుటి చెమట కారి కూరలో పడింది.

"గాలి రావడం లేదు ఉస్తాద్."

"నీళ్లు తాగు."

తాగాడు. నోరు మండుతోంది, వీపు తడిసి ముద్దయింది.

"ఇంకా ఉడుకుతోందా?"

"ఉడుకుతోంది ఉస్తాద్."

"అయితే రెండింతలు తాగు."

ఉస్తాద్ మాట జవదాటడం అతనికి అలవాటు లేదు. అయిదు గ్లాసులు తాగాడు. పొట్ట డోలులా బిగిసింది. కదిలితే లోపల నీళ్లు గలగలమంటున్నాయి. చెమట మాత్రం ఆగలేదు.

ఉస్తాద్ మళ్లీ లేచాడు. మూలనున్న సన్నదాని మీది చొక్కా తీసి కొక్కేనికి తగిలించాడు. స్టూలు మీది లావుదాన్ని దించి సన్నదాన్ని పెట్టాడు.

ఏసుపాదం మెడకు గాలి చల్లగా తగిలింది. ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రేకుల సందుల్లోంచి ఫ్యాన్ రెక్కలు తిరగడం కనిపిస్తోంది. అతను లావు రేడియేటర్ వైపు చూశాడు, తర్వాత గాలి దూరే కారు ముందుభాగం వైపు చూశాడు. తర్వాత ఎవరి వైపూ చూడలేదు.

అంతలో డాక్టరమ్మ వచ్చి ఏది బిగిస్తున్నారని అడిగింది. ఏసుపాదం ఎడమచేత్తో సన్నదాన్ని చూపించాడు. నోరు తెరిస్తే మాటకు బదులు నీళ్లు వచ్చేలా ఉన్నాయి.

ఆవిడకు నమ్మకం కుదరలేదు. లావుదే దిట్టంగా ఉన్నట్టుంది, దాన్ని పరీక్షించి చూశారా అని ఉస్తాద్‌ని అడిగింది.

"చూశామమ్మా," అన్నాడు ఉస్తాద్ చెయ్యి కడుక్కుంటూ. "మావాడు దాని వెనకే కూర్చుని భోంచేశాడు."