రాతితొండకు ఎర్రరంగు ఎవరు పూశారు?

ఒకప్పుడు రాతితొండకు తల ఊపడమే తెలీదు. ఎరుపు రంగూ లేదు. బండ ఏ రంగులో ఉంటే అదీ ఆ రంగే. పొద్దున ఎక్కడ కూర్చుందో సాయంత్రం దాకా అక్కడే రాయికి అతుక్కుని ఉండేది. "నేనున్నానని ఎవరికీ తెలీదు. గద్దకు కూడా తెలీదు!" అని లోలోపల మురిసిపోయేది.

అది ఉండే కొండకు దారి లేదు. పొడవాటి కొండ, పైన సన్నటి గట్టు, గట్టంతా బండలు. గడ్డిపోచ ఉండదు. చైత్రమాసంలో మాత్రం ఆకు ఒక్కటీ లేని మోదుగచెట్లు ఒళ్ళంతా ఎర్రగా పూసి నిలబడేవి. గట్టుకు ఆ చివర ఒక దొన. దొన అంటే బండలోనే ఏర్పడిన నీటిగుంట. కింద వాగులు ఎండినా అందులో నీళ్ళుండేవి.

ఆ ఏడు కింద చుక్క నీరు లేదు. మేకలు కాసే తిప్పక్క, ఆమె మొగుడు సుంకన్న మందను ఆ దొనకు తోలుకుపోదామనుకున్నారు. కానీ మందలో అప్పుడే పుట్టిన పిల్లలున్నాయి. నీళ్ళు లేక తల్లుల పాలు ఎండిపోయాయి, ఆ పిల్లలకు బండలమీద నడకా చేతకాదు.

"నువ్వు మేకలను తోలుకొని ముందు పో," అన్నాడు సుంకన్న. "నేను పిల్లల్ని గంపలో పెట్టుకొని నిమ్మళంగా వస్తా. దారికి గుర్తులు పెట్టుమ్మే. పొద్దు నెత్తిమీదికొచ్చేలోగా వీటి నోట్లో పాలు పడాల. లేకుంటే బతకవు."

"పెడతాలే మామా," అంది తిప్పక్క.

దారి లేని చోట ముందు వెళ్ళేవాళ్ళు మలుపు మలుపుకీ ఒక రెమ్మ పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచడం వాళ్ళ అలవాటు. ఎండురెమ్మ ఆ బండల్లో ఎక్కడ కనబడుతుందని, తిప్పక్క కొండ కిందే ఒడినిండా లేత చింతచిగురు రెమ్మలు కోసుకుంది. పచ్చగా కనబడేలా పెట్టుకుంటూ నడిచింది. చాలా తెలివైన పనే. కాకపోతే ఆమె వెనకాల వస్తున్నవి మేకలు!

దొన చేరగానే మేకలు నీళ్ళమీద పడ్డాయి. తిప్పక్క చల్లగా ముఖం కడుక్కుని వెనక్కి తిరిగింది. ముసలిమేక నోట్లో చివరి చింతరెమ్మ ఊగుతోంది.

"నీ నోట్లో మన్ను బడ! అన్నీ తిన్నావా?"

"నేనొక్కదాన్నేనా? అందరం తిన్నాం. పుల్లగా బాగుంది," అంది ముసలిమేక. "మా కోసమే పెడుతున్నావనుకున్నాం."

తిప్పక్క గట్టువైపు చూసింది. వెనక్కి పోదామంటే ఏ బండ చూసినా ఒకేలా ఉంది. పోయినా, తోడేళ్ళున్న కొండమీద మందను ఎవరికి వదలాలి? నీళ్ళు తాగిన ఒక తల్లిమేక గట్టుకేసి చూస్తూ అరుస్తోంది. దానికి పాలు చేపుకొచ్చి రాతిమీద కారిపోతున్నాయి. తిప్పక్క అక్కడే బండమీద కూలబడింది.

"అమ్మా! నా తోక!" అంది బండ.

బండ కాదు, తొండ.

"ఇందాకట్నుంచి నిన్ను చూస్తానే ఉండా," అంది తొండ తోక సవరించుకుంటూ. "నువ్వొచ్చిన దారంతా మాకు తెలుసు. బండకొకరం ఉన్నాం. నీకు కనబడలేదంతే."

"అట్లయితే మా మామకు దారి చూపించు నాయనా! నీకు పున్నెముంటుంది."

"ఎట్లా చూపించేది? మేం ఆయనకు కనబడం గదా. కనబడితే గద్దకూ కనబడతాం."

తల్లిమేక మళ్ళీ అరిచింది. తొండ ఆ రాతిమీది పాలను చూసింది. దానికి ఏడుపొచ్చినంత పనైంది. "సరే, కనబడేటట్టు చెయ్," అంది.

ఏటేటా మోదుగపూలు ఉడకబెట్టి ఆ రంగు మేకల నొసట పూయడం తిప్పక్క ఇంటి ఆనవాయితీ. ఎవరి మందలో కలిసినా ఆ బొట్టు చూసి తమ మేకను గుర్తుపట్టేవారు. కొత్తపిల్లలకు పూద్దామని ఆ రంగు సొరబుర్రలో వెంట తెచ్చుకుంది. దాన్నే తొండకు తలనుంచి వీపుదాకా చిక్కగా పూసింది. బండనుంచి బండకు కబురందుకుని మిగతా మగతొండలూ వచ్చి, పూయించుకుని, ఎవరి బండమీదికి అవి పరుగెత్తాయి. గుడ్లు పెట్టబోయే ఆడతొండలను మాత్రం "మీరు రావద్దు, దాక్కోండి" అన్నాయి. మన తొండ గట్టు మధ్యకు, లోయ పక్కనున్న బండమీదికి పోయింది. అన్నిటికన్నా ప్రమాదమైన మలుపు అదే.

గట్టు మొదట్లో సుంకన్న గుర్తుల కోసం వెతికి వెతికి అలసిపోయాడు. గంపలో పిల్లల అరుపు సన్నబడుతోంది. అంతలో ఎదురుగా బండమీద ఎర్రగా ఏదో కనబడింది.

"ఇదేందబ్బా! మా మేకల రంగు తొండకెట్లా వచ్చె? మా తిప్పక్క పంపిందా నిన్ను? ఇటేనా దారి?"

తొండ గొంతు అంతదూరం వినబడదు. అందుకని ముందుకాళ్ళమీద లేచి తల పైకీ కిందికీ ఊపింది. ఇటే, ఇటే! సుంకన్న అటు నడిచాడు. తర్వాతి బండమీద ఇంకో తొండ. ఇటే, ఇటే!

లోయ దగ్గరికి వచ్చేసరికి ఎండకు సుంకన్న కళ్ళు మసకబారాయి. లోయవైపే అడుగేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి గద్ద దిగింది. తొండ పక్కనే బండలో పగులుంది. దూరితే బతుకుతుంది. కానీ సుంకన్న ఇంకా దాన్ని చూడలేదు. అందుకే తొండ అక్కడే నిలబడి తల ఊపుతూనే ఉంది.

గద్ద నీడ మీద పడేసరికి సుంకన్న తలెత్తాడు. గద్దను చూశాడు, తొండను చూశాడు. "హేయ్! పో!" అని కొండ దద్దరిల్లేలా అరిచాడు. గద్ద పక్కకు తిరిగిపోయింది. తొండ చటుక్కున పగుల్లోకి దూరి, అవతలినుంచి తల బయటపెట్టి మళ్ళీ ఊపింది. ఇటే! సుంకన్న లోయకు వీపు తిప్పి అటే నడిచాడు.

పొద్దు నెత్తిమీదికి రాకముందే గంప దొన దగ్గర దిగింది. పిల్లలు తల్లుల పొదుగుల కింద దూరి తోకలాడించాయి. తిప్పక్క కళ్ళు తుడుచుకుని, తడిగుడ్డతో, గంప వెనకాలే వచ్చిన తొండ దగ్గరికొచ్చింది.

"రా నాయనా, రంగు తుడుస్తా. గద్ద పాలవుతావు."

తొండ వెనక్కి జరిగింది. "ఉండనీలే తిప్పక్కా. ఇంతకాలం నేనున్నానని ఎవరికీ తెలీదు. ఈ పొద్దు ఒక మనిషి నన్ను చూసి దారి అడిగినాడు."

అప్పటినుంచే ఎండాకాలం వస్తే మగ రాతితొండ ఎర్రబడుతుంది. వానలకు ఆ రంగు మెల్లగా కరిగి, మళ్ళీ బండలో బండై పోతుంది. అప్పటినుంచే అది దారి లేని కొండలమీద బండ కొసన నిలబడుతుంది. గద్ద నీడ పడితే పగుల్లోకి దూరుతుంది. నీడ తొలగగానే మళ్ళీ వచ్చి, ఇటే, ఇటే అని తల ఊపుతుంది.