బుర్రావారింటి ఇంగ్లీషు పరీక్ష

సముద్రం ఒడ్డున పేరూరిపాలెంలో బుర్రావారంటే తెలియనివాళ్ళు లేరు. తల్లి వరహాలమ్మ, ఆవిడకు ముగ్గురు కొడుకులు: గవర్రాజు, సన్యాసి, అప్పలకొండ. "మా ఇంటిపేరులోనే బుర్ర ఉంది. ఇంక నెత్తిలో ఉంటే ఎంత, లేపోతే ఎంత?" అని వరహాలమ్మ వీధంతా చెప్పుకునేది. వీధివాళ్ళు కూడా నిజమేనని తలూపేవాళ్ళు.

చిన్నవాడు అప్పలకొండ చేపల పులుసు పెడితే ఆ వాసనకే పక్కింటివాళ్ళు ఇంకో ముద్ద ఎక్కువ తినేవాళ్ళు. వాడికి ఓడలో వంటవాడి ఉద్యోగం ఇస్తామన్నారు, కాకపోతే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలన్నారు. చిన్నప్పట్నుంచీ ఒడ్డున నిలబడి ఓడలకు చెయ్యి ఊపినవాడు, పాపం, ఆ కబురు విని సంతోషంతో అన్నం కూడా తినలేకపోయాడు.

గ్రామర్ నేర్పడానికి పట్టాభి మాస్టారు ఒప్పుకున్నారు. మొదటిరోజే ఖచ్చితంగా చెప్పారు: "పరీక్ష అయ్యేదాకా మీ ఇంట్లో తెలుగు ముక్క వినబడకూడదు."

అంతే! ఇంటిల్లిపాదీ చెవుల్లో దూది కూరుకున్నారు. నోటినిండా తెలుగు మాట్లాడుకున్నారు గానీ, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఇంతలో పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి దండెం మీది చీర అంటుకుంది. "మంటో! మంటో!" అని వరహాలమ్మ చేతులు ఊపుతూ అరుస్తుంటే, అమ్మ పాట పాడుతోందనుకుని గవర్రాజు తాళం వేశాడు. చివరికి వీధివాళ్ళే బిందెలతో నీళ్ళు పోసి ఆర్పారు.

"మీ తెలివి తగలెయ్య!" అన్నారు మాస్టారు. "ఆ దూది తీసెయ్యండి. ఒరే అప్పలకొండా, గ్రామర్ పుస్తకం ఎప్పుడూ నీ కళ్ళముందే ఉండాలి."

ఇంకేముంది, పుస్తకం తెరిచి వాడి కళ్ళకు అడ్డంగా తాడుతో కట్టేశారు. వాడు చదువుకుంటూ నడిచి నడిచి, ఎండుచేపల పందిరి కూల్చి, దాని అవతలున్న పేడగుంటలో దిగబడ్డాడు. పుస్తకం కడిగి ఎండలో పెడితే మేక వచ్చి అట్టతో సహా నమిలేసింది. మర్నాడు సన్యాసి ఆ మేకను పాఠానికి లాక్కొచ్చాడు. "గ్రామరంతా దీని కడుపులోనే ఉంది మాస్టారండీ. ఇయ్యాల్టి పాఠం ఎక్కడుందో దీన్నే అడగండి."

మాస్టారు తల పట్టుకున్నారు. "పుస్తకమూ వద్దు, మేకా వద్దు! రోజూ బీరువా అద్దంలోకి చూస్తూ మాట్లాడు. తప్పొస్తే ఆగి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టు. ఇంట్లో ఎలా మాట్లాడావో పరీక్షలోనూ అచ్చం అలాగే మాట్లాడు."

అప్పలకొండ నిజంగానే కష్టపడ్డాడు. పరీక్ష రోజున అన్నలిద్దరూ బీరువా తలుపు ఊడదీసి, అద్దంతో సహా బస్సెక్కించి తీసుకొచ్చారు. పరీక్ష పెట్టే మేడమ్ ఓర్పున్న మనిషి. తలుపును చూసి ఒక గుక్క మంచినీళ్ళు తాగి, సరే కానిమ్మంది. పులుసు ఎలా పెడతావని అడిగింది. అప్పలకొండ ఆవిడకు వీపు తిప్పి, అద్దంలోకి చూస్తూ ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయాడు. ఆవిడకు నోరూరింది. ఇక చింతపండు పులుసు పోసి, పొయ్యి మీంచి దించడం ఒక్కటీ చెప్పేస్తే ఓడ ఎక్కినట్టే.

సరిగ్గా చింతపండు దగ్గర చిన్న తప్పు దొర్లింది. ఆవిడ పట్టించుకోనే లేదు. అప్పలకొండ మాత్రం ఠక్కున ఆగిపోయాడు.

"అన్నయ్యా, తప్పొచ్చేసింది! మళ్ళీ మొదట్నుంచి!"

అంతే, అన్నలు తలుపు ఎత్తుకున్నారు. ముగ్గురూ ఒకటే పరుగు. మేడమ్ వెనక నుంచి పిలుస్తూనే ఉంది. బస్సెక్కి ఇంటికొచ్చి, పొద్దున్న నిద్ర లేవడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడదామని అప్పలకొండ చాప మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

వరహాలమ్మ నెత్తి బాదుకుంది. "ఓరి తెలివితక్కువ సన్నాసుల్లారా! మొదలంటే పొద్దున్న లెగడమేటిరా? నా కడుపున పుట్టిన మీకు ఆమాత్రం తెలీదా?"

సాయంత్రం పట్టాభి మాస్టారు ఆదుర్దాగా వచ్చారు. ఇంట్లో దూలానికి చీరతో ఉయ్యాల కట్టి ఉంది. ఓ పక్కనుంచి అప్పలకొండ మీసాలు, ఇంకో పక్కనుంచి వాడి కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. వరహాలమ్మ ఉయ్యాల ఊపుతోంది. అన్నలిద్దరూ చెరోపక్క గిలక్కాయలు ఆడిస్తున్నారు.

"పరీక్షలో ఎలా మాట్లాడాడమ్మా?" అన్నారు మాస్టారు.

వరహాలమ్మ నోటిమీద వేలేసుకుంది.

"మెల్లగా మాస్టారండీ, పిల్లాడు లెగుస్తాడు. ఆడికింకా మాటలెక్కడ వచ్చాయి? ముందు తెలుగు రానివ్వండి, ఇంగ్లీషుకి నేనే ఎత్తుకొస్తాను."