స్కేలు పెట్టి కొలిచిన ఉత్తరం

చెప్పే క్రమంలో కాస్త ముందువెనకలు కావచ్చు సుభాషిణీ. పరీక్ష రెండుసార్లు పోయాక దీవెనమ్మ మాస్టారి దగ్గరికి వెళ్ళిందా, ఒకసారి పోగానే వెళ్ళిందా అన్నది ఇప్పుడు గట్టిగా చెప్పడం కష్టం. రెండుసార్లు పోయాకే అనుకుందాం. ఆమెకి మిగిలింది ఒక్క అవకాశమే అన్నది మాత్రం నిజం.

ఆ చేనేత ఊళ్ళో ఒక సర్కారీ ఆఫీసులో దీవెనమ్మ అటెండరు. పద్నాలుగేళ్ళుగా ఫైళ్ళు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మోస్తోంది. ఇంటరు పాసైంది. పని తెలుసు. ఊరికే సెలవు పెట్టే మనిషి కాదు. జూనియర్ అసిస్టెంటు కుర్చీ ఖాళీ అయినప్పుడు అది దీవెనమ్మకే రావాలని పై అధికారి కూడా అన్నాడు.

అయితే దానికి ఒక సర్టిఫికెట్ కావాలి. కంప్యూటరులో ఉత్తరాలూ పట్టికలూ తయారుచేసే వర్డ్ పరీక్ష. మూడుసార్లు రాయనిస్తారు. మూడోసారీ పోతే ఆ కుర్చీలోకి బయటినుంచి ఇంకెవరో వస్తారు. దీవెనమ్మ ఆ వచ్చినవాళ్ళకి ఫైళ్ళు మోస్తుంది.

అరవై వస్తే పాసు. మొదటిసారి నలభై ఒకటి వచ్చాయి. రెండోసారి నలభై మూడు.

వింతేమిటంటే, ఆమె చేసినంత అందమైన కాగితం ఆఫీసులో ఎవరూ చెయ్యలేరు. తేదీ ఉండాల్సిన చోట తేదీ, సంతకం ఉండాల్సిన చోట సంతకం, ఎక్కడి గీత అక్కడ.

"నీ కాగితం శుభలేఖలాగుంటది దీవెనమ్మా. మార్కులేమో చావు కబురులాగుంటయ్యి," అనేవాడు సీనియరు గుమాస్తా పున్నారావు.

"నవ్వండి సార్, నవ్వండి. ఆ కుర్చీలో కూర్చున్నాక మీ ఫైళ్ళన్నీ నా బల్ల మీదికే రావాలి."

"రానీ తల్లీ. ముందు నువ్వు రా."

వెటకారం చేశాడే గాని, జిలానీ మాస్టారి పేరు చెప్పిందీ ఆయనే. "అద్దకం కొట్టు మేడ మీద ఉంటాడు. ఆయన దగ్గర నేర్చినోళ్ళు పరీక్ష తప్పినట్టు నేను వినలేదు. పో, ఒకసారి కనపడు."

పక్క ఊరినుంచి బస్సులో వచ్చిపోయే మనిషి కాబట్టి దీవెనమ్మకి మాస్టారి గురించి అంతకు మించి తెలియదు. ఆ సాయంత్రం ఆఫీసు కాగానే వెళ్ళింది. మెట్ల దాకా రంగుల వాసన. కింద రంగు గాబుల్లోంచి తీసిన నూలు చిలపలు కట్టలు కట్టలుగా దండేల మీద నీళ్ళు కారుతున్నాయి. పైన పొడుగాటి గది, ఆరు కంప్యూటర్లు, నలుగురు ఆడపిల్లలు, చివర కుర్చీలో తెల్లగడ్డం పెద్దాయన.

దీవెనమ్మ దండం పెట్టి, సంచిలోంచి రెండు కాగితాలు తీసి ఆయన చేతికిచ్చింది.

"చూడండి సార్. ఇది పుస్తకంలో ఇచ్చిన నమూనా. ఇది నేను చేసింది. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టండి. వెంట్రుకవాసి తేడా ఉంటే నన్నడగండి."

మాస్టారు కాగితాలు అందుకున్నారు. బొటనవేలితో అంచులు తడిమారు.

"కాగితం బాగుందమ్మా," అన్నారు.

ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడు చూసింది దీవెనమ్మ. ఆయన కళ్ళు తన మీద లేవు. భుజం మీదుగా వెనక గోడ వైపు ఉన్నాయి.

ఇరవై ఆరో ఏట ఏదో జ్వరం ఆయన చూపు పట్టుకుపోయింది. అప్పటికి అది వాళ్ళ నాన్న పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూటు. టైపు కొట్టేవాడు ఎటూ మీటల వంక చూడకూడదు కదా అని, జ్వరం తగ్గిన వారానికే మళ్ళీ మిషను ముందు కూర్చున్నారట. కంప్యూటర్లు వచ్చాక, తెర మీదున్నదాన్ని చెవిలో చదివి వినిపించే ఏర్పాటు ఒకటి సంపాదించి, వింటూ వింటూ అంతా నేర్చారు. వింటూనే నేర్పుతున్నారు.

ఇవన్నీ దీవెనమ్మకి తర్వాత తెలిసినవి. ఆ పూటకి ముఖమంతా వేడెక్కి, ఏం మాట్లాడాలో తెలియక ఉన్నదంతా మాట్లాడేసింది.

"స్కేలు పెట్టి కొలిచాను సార్. తెర మీదే స్కేలు పెట్టి కొలిచా. తేదీ అంచునించి ఎంత దూరం, సంతకం ఎక్కడ, అన్నీ. స్పేస్ బార్ నొక్కుకుంటా నొక్కుకుంటా సరిగ్గా అక్కడికి తెచ్చి నిలబెట్టా. అయినా తప్పించారు. దిద్దేది మనుషులు కాదంట, మిషనంట. ఆ గుడ్డి మిషనుకేం తెలుసు సార్ అందం!"

అన్నాక నాలుక కరుచుకుంది.

మాస్టారు గదంతా వినపడేట్టు నవ్వారు. "అయితే మా చుట్టమే! కూర్చో తల్లీ. పెన్‌డ్రైవు తెచ్చావా?"

తెచ్చింది. ఆయన దాన్ని పెట్టి ఫైలు తెరిచారు. తెరిచాక చెయ్యి చాపి తెర ఆపేశారు.

"సార్, తెర ఆరిపోయింది."

"ఆరిపోలేదు. నేనే ఆపాను." చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను తీసి ఆమెకిచ్చారు. "కింది బాణం మీట ఉంటుంది. ఒక్కోసారి నొక్కు, ఒక్కో వరస చదువుతుంది. నీ ఉత్తరం నువ్వే విను."

దీవెనమ్మ నొక్కింది.

"బ్లాంక్," అంది చెవిలో గొంతు.

మళ్ళీ నొక్కింది.

"బ్లాంక్."

మళ్ళీ.

"బ్లాంక్."

"ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

"ఏమీ లేదంటోంది సార్."

"నొక్కు."

ఉత్తరం తల కాస్త కిందికి రావాలని తను ఎంటర్ కొట్టిన ప్రతిచోటా ఆ గొంతు అదే మాట అంది. తేదీ చదివింది. మళ్ళీ బ్లాంక్, బ్లాంక్. చిరునామా చదివింది. మళ్ళీ బ్లాంకులు. సంతకం రెండో పేజీలోకి వెళ్ళాలని వరసగా కొట్టిన ఎంటర్ల దగ్గరికి వచ్చేసరికి దీవెనమ్మ వేలు నొప్పి పుట్టింది.

"ఇంకా ఎంతసేపు నొక్కాలి సార్?"

"నన్నడుగుతావేం? ఉత్తరం నీది."

మాస్టారు ఇంకో మీట చూపించారు. "పొడుగు ఉత్తరం మొదటినుంచీ వినే ఓపిక నాకుండదమ్మా. ఇది నొక్కితే ఒక హెడింగు నుంచి ఇంకో హెడింగుకి దూకుతాను. నీ ఉత్తరంలో ఎన్నున్నాయి?"

"మూడున్నాయి సార్."

"నొక్కు."

నొక్కింది. హెడింగులు లేవంది గొంతు.

"అబద్ధం సార్! మూడున్నాయి. పెద్ద పెద్ద అక్షరాలు పెట్టా. నల్లగా చేశా. కింద గీత కూడా కొట్టా."

"నల్లగా అంటే ఎట్లా ఉంటుందమ్మా?"

ఎగతాళిగా అడగలేదు ఆయన. మెల్లిగానే అడిగారు. దీవెనమ్మ హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయినా ఆ బ్లాంకులు ఎవరికీ కనపడవు కదా సార్," అంది చివరికి.

"నాకు అవే కనపడతాయి. దిద్దే ఆ మిషనుకీ అంతే," అన్నారు మాస్టారు.

ఆ రోజుకి అంతే. రేపు రమ్మన్నారు.

పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజులుంది. రోజూ ఆఫీసు అయ్యాక వచ్చి, ఆఖరి బస్సు వేళ దాకా కూర్చునేది. మాస్టారి పద్ధతి ఒకటే. నిన్న చేసిన కాగితాన్ని ఇవాళ ముందు తెర ఆపి వినాలి. ఎక్కడైనా ఊరికే 'బ్లాంక్' అంటే మొదటినుంచీ చెయ్యాలి. ఎలా చెయ్యాలో మాత్రం అడిగినంతే చెప్పేవారు.

"రెండు పేరాల మధ్య ఎంత ఎడం కావాలో పేరాకే చెప్పు. అదే మోసుకుంటుంది."

"హెడింగుని లావు చేసి ఊరుకుంటే చాలదు. నువ్వు హెడింగువి అని దానికి చెప్పాలి. పైన స్టైల్సు అనే జాబితాలో ఉంటుంది, వెతుకు."

పదో రోజుకి దీవెనమ్మకి విసుగొచ్చింది. బ్లాంకులు పోయాయి గాని కాగితం బోసిపోయింది. సంచిలోంచి స్కేలు తీసి కొలిచింది. సంతకం అర అంగుళం అటు జరిగి ఉంది. మనసాగలేదు. ఎవరూ చూడకుండా స్పేస్ బార్ నొక్కి నొక్కి దాన్ని చోటుకి తెచ్చింది. తేదీని కూడా సర్దింది.

ఎవరూ చూడలేదన్నది నిజమే. మర్నాడు మాస్టారు విన్నారు.

కోప్పడలేదు. ఆ ఫైలులో అక్షరాల సైజు రెండు మెట్లు పెంచి, "ఇప్పుడు తెర వేసి చూడు," అన్నారు.

చూసింది. తేదీ సగం పై వరసలో, సగం కింది వరసలో. పేరొకచోట, హోదా ఇంకోచోట. సంతకం ఒక్కటే, దారి తప్పిన గొర్రెపిల్లలాగా, తర్వాతి పేజీలో నిలబడి ఉంది.

అంతకు ముందు రోజు చేసిన బోసి కాగితాన్ని కూడా తెరిపించి అలాగే అక్షరాలు పెంచారు. అది కాస్త లావైంది. ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు.

"చూపు మందగించిన పెద్దవాళ్ళుంటారు కదమ్మా. అక్షరం పెద్దది చేసుకునే చదువుతారు," అన్నారు మాస్టారు, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు.

దీవెనమ్మ తనే చెయ్యి చాపి తెర ఆపేసింది. హెడ్‌ఫోను పెట్టుకుంది. కింది బాణం మీట నొక్కింది.

పరీక్ష జిల్లా కేంద్రంలో. ముప్పైమంది ఉన్న హాలు. పక్క సీటు కుర్రాడు ఎంటర్ మీద టకటకలాడిస్తున్నాడు. అతని తెర మీద కాగితం ఎంతో అందంగా తయారవుతోంది.

దీవెనమ్మ మూడు ప్రశ్నలు చేసింది. నాలుగోదాంట్లో ఒక పట్టిక. అది రెండు పేజీల మధ్య విరిగింది. దాన్ని మొత్తంగా తర్వాతి పేజీలోకి పంపాలి. ఎలా పంపాలో నిన్నటిదాకా తెలుసు. ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఎనిమిది నిమిషాలుంది.

నాలుగు ఎంటర్లు కొడితే చాలు, పట్టిక దానంతటదే దిగుతుంది. చూసేవాళ్ళకి ఏ తేడా తెలియదు. వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది కూడా.

మేడ మీద మీట నొక్కుతూ కూర్చున్న చెయ్యి గుర్తొచ్చింది ఆమెకి. తన చెయ్యి కాదు. గోడ వైపు చూసే కళ్ళూ తెల్లగడ్డమూ ఉన్న మనిషి చెయ్యి, ఏమీ లేని వరస తర్వాత ఏమీ లేని వరస నొక్కుకుంటూ, ఇంకెంతసేపని ఎవరినీ అడగలేక.

వేలు వెనక్కి తీసుకుంది. జాబితాలు ఒక్కొక్కటే తెరిచి వెతికింది. రెండు నిమిషాలు పోయాయి. మూడు పోయాయి. ఏడో నిమిషంలో దొరికింది. పట్టిక చెదరకుండా వెళ్ళి తర్వాతి పేజీలో కూర్చుంది. ఇక పేజీలకి నంబర్లు వెయ్యాలి. వేసేలోపు వేళయిపోయి తెర దానంతటదే మూసుకుంది.

"ఎట్లా రాశావు?" అన్నాడు పున్నారావు మర్నాడు.

"ఒక ముక్క వదిలేశాను సార్. టైము చాల్లేదు."

ఆయన ఆ రోజు వెటకారం చెయ్యలేదు. తన టీలో సగం ఇంకో గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాడు.

పన్నెండో రోజున ఫలితాలొచ్చాయి. దీవెనమ్మ ఆఫీసులోనే చూసుకుంది. పున్నారావు వెనకనుంచి చూసి ఏదో అరిచాడు. ఆమెకి వినపడలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుని ఒక ఉత్తరం టైపు చేసి, మేడ ఎక్కింది.

"ఎవరూ? దీవెనమ్మా?" అన్నారు మాస్టారు. అడుగుల చప్పుడు ఆయనకి తెలుసు. "ఏమైంది తల్లీ? ఫలితం ఏమన్నా వచ్చిందా?"

దీవెనమ్మ పెన్‌డ్రైవు పెట్టి, ఫైలు తెరిచి, హెడ్‌ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన పెట్టుకున్నారు. చూపుడువేలు కింది బాణం మీద ఆనింది.

ఉత్తరంలో ఇలా ఉంది.

ఫలితం. అరవై ఎనిమిది మార్కులు. పాసయ్యాను.

చేరే రోజు. వచ్చే సోమవారం, ఉదయం పదిన్నరకి.

మనవి. ఇకనుంచి మా ఆఫీసునుంచి బయటికి వెళ్ళే ఉత్తరాలు నేను టైపు చేస్తాను. వాటిలో ఏదైనా ఎవరికైనా వినడానికి కష్టమైతే, ఆ సంగతి నాకు కబురు చెయ్యమని మీలాగా చెవితో చదివేవాళ్ళందరికీ చెప్పండి.

దీవెనమ్మ ఆయన ముఖం వంక చూడలేదు. వేలు వంకే చూస్తూ నిలబడింది. అది ఒక్కో వరసకి ఒక్కసారి దిగుతోంది. తొందరపడలేదు. ఏ వరస దగ్గరా రెండోసారి నొక్కలేదు. కింద ఎవరో నూలు పిండుతున్నారు. నీళ్ళు గాబులోకి జారిన చప్పుడు పైకి వినిపించింది.

వేలు ఆగింది. మాస్టారు హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చివరిదాకా వచ్చానమ్మా," అన్నారు.

దీవెనమ్మ పేరు నాకు గట్టిగా గుర్తే గాని, మాస్టారి పేరూ ఆ గుమాస్తా గారి పేరూ ఒకసారి సరిచూసి పెట్టు సుభాషిణీ. నువ్వు ఆ ఊరి కోడలివి కదా.